పిల్ల మాట విరిచేస్తందంట!

ప్రశ్న: నమస్తే అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఫిన్లాండులో నర్సు, ఏడాదిన్నర నుంచి ఆ భాష నేర్చుకుంటంది. మొన్న డ్యూటీలో ఒక పెద్దావిడ నువ్వు మా భాష "ముర్తయెన్" మాట్లాడతావు అందంట, ఫోన్లో చూస్తే ముర్తా అంటే విరగ్గొట్టడం అని వచ్చిందంట, ఇక రాత్రంతా ఏడుపే. ఇంగ్లీషులో యాక్సెంట్ అంటారే, దానికి ఫిన్నిష్ మాట వెతికితే నాలుగైదు చూపిస్తంది. ఏది కరెక్టండీ?

జవాబు: అన్నీ కరెక్టేనండి, తప్పంతా ఇంగ్లీషుది. యాక్సెంట్ అని ఒక్క సంచిలో మూడు సరుకులు కుక్కేశారు వాళ్ళు. మనం యాస అనేది ఒకటి, మాటలో ఏ ముక్క నొక్కి పలకాలనేది ఇంకోటి, అక్షరం నెత్తిన పెట్టే గీత మూడోది. ఫిన్నిష్ వాళ్ళు దేనికది విడగొట్టుకున్నారు. పరాయివాళ్ళ యాసని కొరొస్తుస్ అంటారు, అక్సెంత్తి అని అరువుమాట కూడా ఉంది. నొక్కి పలకడం పైనొ, అంటే బరువు. గీతకి కొర్కొమెర్క్కి. ఈ కొర్కొ ఉంది చూశారూ, బ్యాంకు వడ్డీ అదే, చెప్పు మడమ కూడా అదే!

ఇక ముర్తయెన్. ముర్తా అంటే విరచడం నిజమే, కానీ భాష ముర్తయెన్ మాట్లాడటం అంటే పరాయి యాసతో మాట్లాడటం అని, అంతే. అక్కడ మామూలుగా వాడే మాటే, తిట్టు కాదు. పైగా వాళ్ళ సొంత మాండలికాన్ని ముర్రె అంటారు, అదీ ఆ విరుపు మాటకి చుట్టమే. "నేను" అనడానికే పుస్తకంలో మినా, హెల్సింకీలో మా, తూర్పు వైపు కొన్నిచోట్ల మియె. మరి వాళ్ళల్లో ఎవరు విరిచినట్టండీ? నేను హైదరాబాద్ హాస్టల్లో చేరిన కొత్తలో "వత్తన్నానండి, ఆయ్" అన్నానని వారం రోజులు ఆయ్ గారూ అనే పిలిచారు, అందుకే మీ పాప బాధ తెలుసు గానీ, ఆ పెద్దావిడ మాటలో ఆ ఎకసెక్కం ఉందనుకోను.

నిజానికి మనవాళ్ళకి ఆ భాష కొంత కలిసొస్తుంది. ఇంగ్లీషులో ప్రెజెంట్ అంటే బహుమతికి ముందు నొక్కాలి, ఇవ్వడానికి వెనక నొక్కాలి, అదో గోల. ఫిన్నిష్‌లో బరువెప్పుడూ మొదటి ముక్క మీదే. రాసినట్టే చదవడం కూడానూ. జాగ్రత్తంతా దీర్ఘాల దగ్గరా ఒత్తుల దగ్గరా పడాలి. తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే కస్టమ్స్. మనకి గడి, గాడి, గడ్డి ఉన్నాయి కదా, అల్లాగే. పశువుల గాడిలో గడ్డి వేసిన ఇంట్లో పుట్టిన పిల్లకి ఈ తేడా ఒకరు నేర్పాలా చెప్పండి. కాకపోతే మినా, మా అనే మాటల్లో ఆ "ఆ" మనది కాదు, ఇంగ్లీషు క్యాట్‌లో పలికే "యా"కి దగ్గర. అది మాత్రం అద్దం ముందు నోరు సాగదీసి ప్రాక్టీస్ చెయ్యమనండి.

ఆ తుల్లి మాట మీరూ గుర్తుంచుకోండి, పాపకి ఆవకాయ పార్సిల్ కట్టే ముందు ఏం పంపొచ్చో అడగాల్సింది వాళ్ళనే.