స్పానిష్ చదువుతానన్న చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట నన్ను కేకలేసింది. చిన్నప్పుడు నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊనో, దోస్, త్రేస్ అని అంకెలు నేర్పింది నేనేనట. అందుకే ఇప్పుడు ఇంజనీరింగ్ వద్దు, బీఏ స్పానిష్ చేస్తానని మొండికేశావట. తిట్లన్నీ విన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఒకపక్క గుండె పొంగిపోయింది, ఇంకోపక్క భయమేసింది. మన ఇంట్లో ఈ దారిన నడిచింది నేనొక్కదాన్నే. ఆ భయం ఏమిటో నీకు నేనే చెప్పాలి. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావే తప్ప వినవు, అందుకే రాస్తున్నా.

ముందు పైపై సంగతులు. హైదరాబాదులో తార్నాక దగ్గర ఇఫ్లూ ఉంది, ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ అది. ఢిల్లీలో జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీ ఉన్నాయి. మూడింట్లోనూ స్పానిష్‌లో బీఏ చేయొచ్చు. ఢిల్లీ రెండింటికీ సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష రాయాలి, ఇఫ్లూ నోటిఫికేషన్ వాళ్ల వెబ్‌సైట్లో చూసుకో. మూడూ కేంద్ర ప్రభుత్వానివే కాబట్టి ఫీజు గురించి మీ నాన్న టెన్షన్ పడక్కర్లేదు. ఆదాయం, కులం సర్టిఫికెట్లు ఇప్పుడే తీయించుకో. చివరి వారంలో సచివాలయం చుట్టూ తిరిగితే నిన్నేమీ అనను, మీ అమ్మనంటాను.

డిగ్రీతో పాటు డేలే పరీక్షలు కూడా రాయి. స్పెయిన్ ప్రభుత్వం తరఫున ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ పెట్టే పరీక్షలవి. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్‌కి కాలం చెల్లడం ఉండదు. బీఏ అయ్యేసరికి నాలుగో మెట్టు, బీ2, చేతిలో ఉండాలి. ఇది మాత్రం నా మాటగా రాసి గోడకి అంటించుకో.

ఇక భాష. చిట్టీ, నీకు తెలియని ఆస్తి ఒకటి నీ దగ్గరుంది, అది మన తెలుగు. నేను 1986లో జేఎన్‌యూలో చేరినప్పుడు నాకూ తెలియదు. గుంతకల్లులో రైలెక్కి రెండు రాత్రులు కూర్చుని ఢిల్లీ చేరాను. క్లాసులో కాన్వెంట్ పిల్లలు ఇంగ్లిష్ గలగలా మాట్లాడుతుంటే నాకు నోరు పెగిలేది కాదు. వాళ్లకి స్పానిష్ సులభం, నాకు కష్టం అనుకునేదాన్ని. అది తప్పు. "మే గుస్తా ఎల్ కఫే" అన్నదాన్ని వాళ్లు ఇంగ్లిష్‌లోకి తిప్పుకోలేక తంటాలు పడ్డారు. మనం రోజూ అనే "నాకు కాఫీ ఇష్టం" అదే కదా! కర్తని నిలబెట్టకుండా "నాకు" అనడం మనకి ఉగ్గుపాలతో వచ్చింది. "ఆబ్లో" అంటే మాట్లాడతాను, "ఆబ్లాస్" అంటే మాట్లాడతావు. ఎవరు మాట్లాడేదీ క్రియ తోకే చెప్పేస్తుంది, మన "తాను, తావు" లాగే. నువ్వు, మీరు తేడా వాళ్లకీ ఉంది: తూ, ఉస్తేద్.

పలకడం కూడా అంతే. స్పానిష్ త, ద మన త, ద లాగే నాలుక పళ్లకి తగిలించి పలికేవి. ఇంగ్లిష్ అలవాటుతో "టాకో" అనకు, "తాకో" అను. బాలశిక్షలో నేర్చుకుని మళ్లీ ఎక్కడా వాడని ఞ ఉంది చూడు, అది వాళ్లకి రోజూ కావాలి: ఎస్పాఞ. మన బండి ఱ కూడా వాళ్ల దగ్గర బతికే ఉంది. "పెరో" అంటే కానీ, "పెఱ్ఱో" అంటే కుక్క. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు కాదు, నాలుక కొన అంగిలి ముందుభాగాన టపటపా కొట్టుకోవాలి. రోజూ స్నానాల గదిలో పది నిమిషాలు సాధన చెయ్. మీ అమ్మ తలుపు కొడితే కొట్టనీ.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని నేను ఇంట్లో మీ పెదనాన్నకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఎంఏ అయ్యాక 1992లో కర్నూలు వైపు ఒక పల్లెలో వైద్య శిబిరానికి దుబాసీగా వెళ్లాను. ఒక చిన్న సంస్థ పెట్టింది. స్పెయిన్ నుంచి ఒక నర్సు వచ్చింది, రెండు వారాలుంటుంది. ఆమె స్పానిష్ తెలుగులోకి, పల్లెవాళ్ల తెలుగు స్పానిష్‌లోకి చెప్పడం నా పని. నా మార్కులు బాగుండేవి. వ్యాకరణం అడిగితే నిద్రలో లేపినా చెప్పేదాన్ని. కానీ ఐదేళ్లలో క్లాసు బయట స్పానిష్‌లో నోరు విప్పింది చాలా తక్కువ. తప్పు పలికితే నవ్వుతారని భయం. అర్థం కాకపోయినా అయినట్టు తలూపడం బాగా అలవాటైంది.

రెండో రోజు మధ్యాహ్నం ఒక తల్లి ఆరేళ్ల పాపని తీసుకొచ్చింది. పాపకి రెండు జడలు, ఒకదాని రిబ్బను ఊడిపోయి భుజం మీద వేలాడుతోంది. ఏడుస్తోంది, నర్సు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంటోంది. నర్సు వంగి, పాప మొహం చూస్తూ నన్ను అడిగింది: "ఎస్తా మాలా లా నీఞ?"

మాలా అంటే నాకు తెలిసిన అర్థం చెడ్డ. పాప మొండికేస్తోంది కదా, అదే అడుగుతోంది అనుకున్నా. ఆ తల్లి వైపు తిరిగి, "మీ పాప చెడ్డపిల్లా అని అడుగుతున్నారమ్మా" అన్నాను.

ఆమె నా మొహం కేసి చూసిన చూపు నాకింకా గుర్తుంది. "మా పాప చెడ్డదని ఎవురు చెప్పినారు మీకు?" అంది. గొంతు పెద్దది చేయలేదు. పాపని చంకనేసుకుంది, కొంగుతో దాని తల కప్పింది, వరసలోంచి బయటికి నడిచి వెళ్లిపోయింది. నర్సు తెల్లబోయి, ఏమైందని నన్నడిగింది. మంచినీళ్లకి వెళ్లిందని చెప్పాను. అవును చిట్టీ, అబద్ధం చెప్పాను. నాకు అర్థం కాలేదని ఒప్పుకోవడం కంటే అబద్ధమే సులభం అనిపించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నర్సు పళ్లెం పక్కకి నెట్టి, పొట్ట మీద చెయ్యి వేసుకుని, "ఎస్తోయ్ మాలా" అంది. కడుపులో బాగాలేదట. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పుస్తకాల్లో జబ్బుకి నేను నేర్చుకున్న మాట "ఎన్‌ఫెర్మా" ఒక్కటే. స్పెయిన్ ఇళ్లల్లో రోజూ అనే మాట ఇదని నేను ఎన్నడూ వినలేదు, ఎవరినీ అడగలేదు. మధ్యాహ్నం నర్సు అడిగింది "పాపకి బాగాలేదా?" అని, అంతే. మన తెలుగులో కూడా అదే మాట! బాగాలేదా. నేను దాన్ని ఇంగ్లిష్ మీదుగా తిప్పాను, మాలా నుంచి బ్యాడ్‌కి, బ్యాడ్ నుంచి చెడ్డకి. నేరుగా తెలుగులోకి వచ్చి ఉంటే, లేదా "ఇంకోసారి చెప్పండి" అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆ తల్లి అలా వెళ్లేది కాదు.

మర్నాడు పొద్దున్నే వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. తాళం వేసి ఉంది. రాత్రి జ్వరం ఎక్కువై పాపని కర్నూలు తీసుకెళ్లారని పక్కింటావిడ చెప్పింది. శిబిరం అయిపోయేదాకా వాళ్లు తిరిగి రాలేదు. ఆ పాప ఏమైందో నాకు ఈ రోజు దాకా తెలియదు. ఉంటే ఇప్పుడు నలభైకి దగ్గరగా ఉంటుంది. రిబ్బను ఊడిన ఏ పిల్లని చూసినా నాకు ఆ మధ్యాహ్నమే గుర్తొస్తుంది.

నర్సుకి నిజం చెప్పేశాను. ఆమె నన్ను తిట్టలేదు. అప్పట్నుంచి చిన్న చిన్న వాక్యాలు మాట్లాడి, ప్రతిదాని తర్వాత నా కళ్లలోకి చూసి "సే ఎంతియెందే?" అని అడిగేది. అర్థమైందా అని. అర్థం కానప్పుడు కాలేదని చెప్పడం నేను ఆ పది రోజుల్లో నేర్చుకున్నాను. ఐదేళ్ల చదువులో నేర్చుకోవలసినది.

నీ గురించి నా భయం ఇదే. నువ్వూ నా పోలికే. ఏడో క్లాసులో లెక్క అర్థం కాక మూడు నెలలు నోరు మెదపకుండా కూర్చున్న పిల్లవి. మొదటి రోజు నుంచే తప్పుతడకగా మాట్లాడు, నవ్వనీ. మాట తెలియకపోతే "నో ఎంతియెందో" అని గట్టిగా చెప్పు. ఈ ఒక్క విషయంలో నా మాట విను తల్లీ, మిగతావి విన్నా వినకపోయినా సరే.

సేర్, ఎస్తార్ అని రెండు క్రియలుంటాయి, రెంటికీ ఇంగ్లిష్‌లో ఒకటే మాట. అక్కడ కూడా తెలుగుని ఆసరా చేసుకో. "మా అన్న డాక్టరు" అంటాం, క్రియే ఉండదు, అక్కడ సేర్. "మా అన్న ఇంట్లో ఉన్నాడు" అంటాం, అక్కడ ఎస్తార్. అన్నిచోట్లా ఇది సరిపోదు, కానీ మొదటి ఏడాది గట్టెక్కిస్తుంది.

సంస్కృతి అనగానే ఎద్దులతో పోరు, నాట్యం అనుకోకు. స్పానిష్ అధికార భాషగా ఉన్న దేశాలు ఇరవై దాకా ఉన్నాయి. ఒక్క శెనక్కాయనే తీసుకో. మన అనంతపురం బతికింది దాని మీదే కదా, అది పుట్టింది దక్షిణ అమెరికాలో. స్పెయిన్లో దాన్ని కకావెతే అంటారు, మెక్సికోలో కకావాతే, అర్జెంటీనాలో మనీ. కకావాతే అనేది నావాత్ల్ అనే అక్కడి పాత భాషలోంచి వచ్చింది, నేలలో కాసే కకావు, అంటే చాక్లెట్ చేసే కోకో గింజ, అని అర్థం. మనవాళ్లు వేరుశనగ అన్నారు. ఎక్కడో సముద్రాలకి అవతల ఉన్నవాళ్లు, మనం ఒకే కాయని చూసి ఒకేలా పేరు పెట్టుకున్నాం. ఇది మొదటిసారి చదివినప్పుడు లైబ్రరీలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను, ఇల్లు గుర్తొచ్చి. మన నారింజ, వాళ్ల నరాంహా కూడా చుట్టాలే. మన చక్కెర, వాళ్ల అసూకర్ కూడా. సంస్కృతం నుంచి పారశీకులు, అరబ్బులు మోసుకుంటూ పోయి స్పెయిన్ చేర్చారు. 711 నుంచి 1492 దాకా ఆ దేశంలో ఏదో ఒక మూల ముస్లిం రాజ్యం ఉంది.

అదే 1492లో కొలంబస్ ఓడలు బయల్దేరాయి. 1521లో స్పెయిన్ వాళ్ల చేతిలో మెక్సికో నగరం కూలింది. ఈ భాష అంత దూరం ఎలా పాకిందో, దాని కింద ఎన్ని భాషలు నలిగాయో చదవకుండా డిగ్రీ పట్టుకోకు. స్పెయిన్ లోపల కూడా అంతే. బార్సిలోనా వాళ్లది కాతలాన్ భాష. స్పెయిన్ నియంత ఫ్రాంకో 1939 నుంచి 1975లో చనిపోయేదాకా దాన్ని అణిచిపెట్టాడు. మన అనంతపురానికి 1969లో వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూసిన విన్సెంట్ ఫెర్రర్ గారిది ఆ బార్సిలోనాయే. ఆయన పెట్టిన సేవాసంస్థ ఆర్డీటీని చూడటానికి అక్కణ్నుంచి వచ్చినవాళ్లు తమలో తాము కాతలాన్‌లో మాట్లాడుకుంటుంటే మొదట్లో నాకు చెమటలు పట్టేవి, చదివిందంతా మర్చిపోయానేమోనని. మన జిల్లా పల్లెల్లో పిల్లలు స్పెయిన్‌కి ఉత్తరాలు రాసుకున్నారు, వాటిని అటూ ఇటూ తర్జుమా చేసి బతికిన కుటుంబాలున్నాయి. మీ అమ్మ "స్పానిష్ మనకెందుకు" అంటే ఇది చెప్పు.

ఉద్యోగాల సంగతి. మీ నాన్న అడిగేది అదే, ఆయన అడగడంలో తప్పు లేదు. ఒట్టి బీఏతో కష్టం. దాని పక్కన ఇంకోటి పెట్టుకో, అకౌంట్సో, మందుల కంపెనీల కాగితాల పనో, ఏదో ఒకటి. హైదరాబాద్ మందుల కంపెనీలు లాటిన్ అమెరికాకి సరుకు పంపుతాయి, ఆ కాగితాలు స్పానిష్‌లో కావాలి. అక్కడ అంకెల దగ్గర ఒళ్లు దగ్గరపెట్టుకో. స్పెయిన్, అర్జెంటీనా కాగితంలో 1.500 అని ఉంటే పదిహేను వందలు, ఒకటిన్నర కాదు. మెక్సికో వాళ్లు మనలాగే దశాంశానికి చుక్క పెడతారు. ఇంగ్లిష్ బిలియన్ వంద కోట్లు, స్పానిష్ "బిల్యోన్" లక్ష కోట్లు.

హాస్టల్ భోజనం గురించి దిగులు పడకు, ఊరగాయ పంపిస్తా. నేనున్న రోజుల్లో జేఎన్‌యూ హాస్టళ్లకి నదుల పేర్లుండేవి, ఇప్పటికీ ఉన్నాయి. గోదావరి హాస్టల్ అన్న బోర్డు చూసి ఆ మొదటి సాయంత్రం నాకు కాస్త ధైర్యమొచ్చింది. ఢిల్లీ చలి మాత్రం మనకి తెలిసిన చలి కాదు, స్వెటర్లు నేను కొంటా.

శనివారం వస్తున్నా. మీ నాన్నతో నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలో రాకు. నా పాత నిఘంటువు తెస్తాను, అట్ట ఊడితే మీ పెదనాన్న దారంతో కుట్టారు. "మాలో" (మాలాకి పుంలింగం) అన్న మాట పక్కన ఎర్ర పెన్సిల్‌తో గీత ఉంటుంది, దాన్ని చెరపకు. శెనక్కాయలు ఉడకబెట్టమని మీ అమ్మతో చెప్పు, ఉప్పు కాస్త ఎక్కువ వేయమను.

మీ పెద్దమ్మ