రాజమండ్రి–కొవ్వూరు రోడ్ కమ్ రైల్ బ్రిడ్జిలో రోడ్డు 4.1 కి.మీ., రైలు దారి 2.8 కి.మీ. ఎందుకు?

రోడ్డు పై అంతస్తులో, పట్టాలు కింది అంతస్తులో ఉన్నాయి కాబట్టి రోడ్డుకే పొడవు ఎక్కువ. నది దాటడానికి రెండింటికీ పట్టే దూరం ఒకటే. తేడా అంతా ఒడ్డు మీదే.

రైలు నిట్టనిలువు ఎక్కలేదు, అందుకే పట్టాలు కట్ట ఎత్తులోనే నేరుగా వంతెనలోకి దూరిపోతాయి. రోడ్డు మాత్రం రైలు, దాని పైన కరెంటు తీగ, ఆ పైన ఖాళీ, ఇన్నిటినీ దాటి పైకెక్కాలి. లోడు లారీ కూడా ఎక్కగలిగేంత నిదానమైన వాలు కావాలంటే దూరం తప్పదు. కొవ్వూరు వైపు నుంచి బస్సులో వస్తే చూడండి: నీళ్లు కనపడకముందే మనం స్తంభాల మీద ఉంటాం. కింద గూడ్స్ వెళ్తుంటే పైన సన్నగా అదురు కూడా తెలుస్తుంది.

4.1 చూసి గోదావరి వెడల్పే అంత అనుకుంటారు, అది పొరపాటు. ఇంకొందరు దీన్నే హేవలాక్ వంతెన అంటారు. అది వేరు: 1900లో రైళ్లు మొదలై, 1997లో ఆగిపోయిన పాత వంతెన. ఇది 1974 నాటిది.