పలక కన్నా ముందు మాట

బిడ్డా,

అంగన్‌వాడీ టీచర్‌గా ఆర్డర్ కాపీ చేతికొచ్చిన సంతోషం కన్నా నీ మెసేజ్‌లో టెన్షనే ఎక్కువ కనబడింది. "పెద్దమ్మా, కొంచెం ఉన్నవాళ్ళంతా మూడేళ్ళ పిల్లల్ని ప్రైవేటు బడి వ్యానెక్కిస్తున్నారు. నా దగ్గర మిగిలింది కూలోళ్ళ పిల్లలు, తండా పిల్లలు. వాళ్ళకు అన్నం, గుడ్డు పెట్టి రిజిస్టర్లు రాస్తే చాలా?" అని అడిగావు. చాలదు. అందరికన్నా మంచి బడి కావాల్సింది ఆ మిగిలిన పిల్లలకే. సూపర్‌వైజర్‌గా వరంగల్, మహబూబాబాద్ వైపు సెంటర్లు తిరిగి చూసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

చదువుకున్న ఇంట్లో పిల్లకు రోజంతా మాటలు దొరుకుతుంటాయి. కథ చెప్పేవాళ్ళుంటారు, "అదేంటి, ఇదేంటి" అంటే జవాబిచ్చేవాళ్ళుంటారు. పొద్దున్నే సద్ది కట్టుకుని పత్తి ఏరడానికి పోయి పొద్దుగూకాక వచ్చే తల్లికి ప్రేమ తక్కువేం కాదు. కూర్చుని మాట్లాడే ఓపిక, తీరిక ఉండవు. ఆ లోటు పూడ్చడమే నీ అసలు పని. మిగతావన్నీ దాని తర్వాతే. పై ఆఫీసర్లు ముందుగా రిజిస్టర్లే అడుగుతారనుకో, అది వేరే సంగతి.

ఏడాది తిరక్కముందే తల్లిదండ్రులు "మా పిల్లకు ఏం వచ్చింది?" అని అడుగుతారు. అప్పుడు ధైర్యం చెడకుండా ఉండటానికి ఒక ముచ్చట చెప్తా. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటి ఊళ్ళో 1962లో పెర్రీ ప్రీస్కూల్ అని ఒకటి మొదలైంది. పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మందిని ఎంచుకుని, 58 మందిని మూడు నాలుగేళ్ళ వయసులో ఆ బడికి పంపారు, 65 మందిని పంపలేదు. బడికెళ్ళిన పిల్లలకు తెలివి పరీక్షల్లో మొదట మార్కులు బాగా పెరిగాయి. పెద్ద బడిలో చేరిన కొన్నేళ్ళకే ఆ తేడా కరిగిపోయింది. అక్కడితో ఆపేసి ఉంటే డబ్బు దండగ అనేవాళ్ళు. కానీ ఆ పిల్లలకు నలభై ఏళ్ళొచ్చేదాకా వాళ్ళ వివరాలు తీస్తూనే ఉన్నారు. హైస్కూల్ చదువు పూర్తిచేసినవాళ్ళు ఆ బడికెళ్ళినవాళ్ళలో నూటికి 77, వెళ్ళనివాళ్ళలో 60. ఐదుసార్లు, అంతకుమించి అరెస్టయినవాళ్ళు బడికెళ్ళినవాళ్ళలో నూటికి 36, వెళ్ళనివాళ్ళలో 55. నోబెల్ వచ్చిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ లెక్కగడితే ఆ బడి మీద పెట్టిన డబ్బుకు ఏటా 7 నుంచి 10 శాతం రాబడి తేలింది. అంటే మార్కుల్లో కనబడనిది బతుకులో కనబడింది.

అయితే అక్కడ ఐదారుగురు పిల్లలకో టీచర్. నీ దగ్గర ఇరవై ముప్పై మంది, పైగా ఫోన్‌లో పిల్లల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ నింపే పని. అదే ఫలితం నీ సెంటర్లో వస్తుందని మాటివ్వలేను. వాళ్ళు చేసినవాటిలో రెండు మాత్రం పైసా ఖర్చు లేకుండా నువ్వూ చేయొచ్చు.

ఒకటి ఆటను పిల్లల చేతికే ఇవ్వడం. పొద్దున "ఇయ్యాల ఏం ఆడతావు?" అని అడుగు. వాళ్ళు చెప్పింది ఆడనివ్వు. అయ్యాక "ఏం చేశావో చెప్పు" అను. ఇంతే. చింతగింజలు, సీసా మూతలు, మట్టి, మక్క కంకులు చాలు. బతుకమ్మ రోజుల్లో తంగేడు ఒక కుప్ప, గునుగు ఒక కుప్ప, బంతి ఒక కుప్ప వేయించు. లెక్క, రంగు, పెద్దది చిన్నది, అన్నీ అందులోనే వస్తాయి. "రెండు కుప్పల్లో ఏది ఎక్కువ? ఎట్లా తెలిసింది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని ఆగు. మనకు అదే కష్టం. పిల్ల నోరు తెరిచేలోపు మనమే చెప్పేస్తాం.

తండా పిల్లలు మొదట్లో అసలు మాట్లాడరు. మొద్దులనుకోకు, తెలుగు రాదంతే. యాడి (అమ్మ), పాణి (నీళ్ళు) లాంటి వాళ్ళ మాటలు నువ్వే ముందు నేర్చుకో. తండా మనిషి ఆయాగా ఉంటే వంట దగ్గరే ఉంచేయకుండా కథ చెప్పేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకో. ములుగు వైపు బదిలీ అయితే కోయ పిల్లలతోనూ ఇదే పద్ధతి.

రెండోది ఇంటికి పోవడం. ఇప్సిలాంటిలో టీచర్ వారం వారం ప్రతి ఇంటికీ పోయి తల్లితో గంటన్నర కూర్చునేది. మన దేశంలోనూ చిన్నపిల్లల చదువు కోసం పనిచేసిన తారాబాయి మోదక్, ఆమెతో అనుతాయి వాఘ్, 1945 నుంచి మహారాష్ట్రలోని బోర్డిలో ఇదే దారి పట్టారు. తమ్ముళ్ళను ఎత్తుకునే వార్లీ అనే గిరిజన తెగ పిల్లలు బడికి రాలేకపోతే బడినే వాళ్ళ వాకిళ్ళకు తీసుకుపోయారు. ప్రభుత్వం 1975 అక్టోబరు 2న మన అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకాన్ని 33 బ్లాకుల్లో మొదలుపెట్టింది దాని తర్వాతే.

నువ్వు వారం వారం అందరిళ్ళకూ పోలేవు. పత్తి, మిరప ఏరే రోజుల్లో మాత్రం తప్పకుండా పో. కూలి ఆటోలో తల్లి వెంట చేనుకు పోయిన పిల్ల మళ్ళీ బడి మొహం చూడటం కష్టం. ముందే నానమ్మనో, పక్కింటామెనో మాట్లాడిపెట్టు, సెంటర్లో దింపిపోతారు. తల్లి దగ్గర "పంపట్లేదేంటి?" అని మొదలుపెట్టకు. "నిన్న మీ పిల్ల ఈ మాట అన్నది" అని మొదలుపెట్టు, ఆమే కూర్చోమంటుంది.

ఇంగ్లీషు కావాలనే తల్లిదండ్రులను వెక్కిరించకు. వాళ్ళ ఆశ న్యాయమైనదే. నాలుగు పాటలు నేర్పు, తప్పులేదు. మూడేళ్ళ పిల్ల చేతికి పెన్సిలిచ్చి ఏబీసీడీలు దిద్దించడం మాత్రం ఒప్పుకోకు, ఆ వేళ్ళకు ఇంకా పట్టు రాదు. పిండి పిసకనీ, పూసలు గుచ్చనీ, సుద్దతో గీతలు గీయనీ. కొత్త విద్యావిధానం కూడా ఒకటో తరగతికి ఆరేళ్ళు అంటోంది, తొందరేం లేదు. అంగన్‌వాడీలో పిల్లల చదువును తల్లులకు చూపించే ఈసీసీఈ డే నాడు వాళ్ళను పిలిచి పిల్లలతోనే కథ చెప్పించు. వ్యానెక్కే పిల్ల అంతసేపు మాట్లాడగలదా అని వాళ్ళే చూసుకుంటారు.

సామాను కోసం జేబులో డబ్బు పెట్టకు. నా దగ్గర రెండు డబ్బాల పూసలు, గుడ్డ బొమ్మలు ఉన్నాయి, దసరాకు వచ్చినప్పుడు తీసుకుపో.

మీ పెద్దమ్మ,
హనుమకొండ