గడీ కోడలికి, లెక్కలు రాసే గుమాస్తాకు మధ్య బయటపడని ఇష్టాన్ని ముద్దు లేకుండ, పాట లేకుండ ఎట్ల చూపించాలె?

1940ల నాటి గడీ, అంటే దొర ఉండే పెద్ద కోటసొంటి ఇల్లు, మొగడు పట్నంలనే ఉండే కోడలు, ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్, షూటింగ్ హన్మకొండ దగ్గరి ఊర్లల్ల అని రాసినవు తమ్మీ. డైలాగులు ఎట్ల రాయాల్నని అడిగినవు. డైలాగులు తర్వాత. ముందుగాల ఒక కందిలి, అంటే లాంతరు, కొను.

ఆ కాలంల చానమటుకు ఊరి గడీలకు కరెంటు లేదు. పొద్దుగూకినంక ఎవరి మొహం కనబడాలె, ఎవరిది కనబడొద్దు అనేది దీపం చేతిల ఉండేది. చిమ్నీ తుడుసుడు ఆడబాప, అంటే గడీల ఉండే దాసి, పని. ఇంత పొయ్యి బూడిద, పాత ధోతి ముక్క. చిమ్నీ మూతి ఇరుకు, సన్న చెయ్యే పడ్తది. మీ కోడలు ఒకనాడు ఆడబాప చేతిలకెళ్లి ఆ గుడ్డ తీసుకొని, గాజులు మోచేతి దాంక ఎగదోసుకొని, తానే తుడిస్తే సాలు. ఆ కందిలి రోజూ ఏ అర్రలకు పోతదో అంతకుముందే ఒకసారి చూపించి ఉంచు. ఇంక మాట అక్కెర లేదు.

తర్వాత దాన్ని గుమాస్తాకు ఇచ్చుడు. కందిలి పట్టుకునే తీగ ఒక్క చేతికే సరిపోతది, ఇద్దరు పట్టుకుంటే వేళ్లు తాకక తప్పదు. అందుకే ఆమె చేతికియ్యదు. కడప (గడప) మీద పెట్టి రెండడుగులు ఎనకకు జరుగుతది. అతను వంగి తీసుకునేదాంక కడప మీద కందిలి ఒక్కటే ఉంటది. ఆ షాట్ ఆరేడు సెకండ్లు ఉండాలె. ఎడిటింగ్‌ల కోసెయ్యాలనిపిస్తది, కొయ్యకు. అతను తీసుకొని నడిస్తే వెలుగు అతని ఎంటనే పోతది, ఆమె మొహం మెల్లగ చీకట్ల కలుస్తది. అక్కడ ఇంకో లైటు పెట్టి ఆమె కండ్లు చూపించినవనుకో, సీన్ సచ్చినట్టే.

కందిలి అనంగనే చానమంది వెలుగును వణికిస్తరు. అది తప్పు. చిమ్నీ ఉన్నదే గాలి తగలకుండ, మంట నిలకడగ ఉంటది. వణికేది ప్రమిద. ఒత్తిని సమంగ కత్తిరించి రెండు మూలలు కొద్దిగ గుండ్రం చెయ్యి, లేకుంటే మంటకు కొమ్ములు లేచి చిమ్నీ మసిబారుతది. కొత్త ఒత్తి గ్యాసునూనెల (కిరసనాయిలు) అరగంటన్న నానాలె. ముట్టించినంక ఐదు నిమిషాలు మంట చిన్నగ ఉంచు. ఒక్కసారే ఎత్తితే చిమ్నీ పగులుతది, వేడి మీద తడి తగిలినా అంతే. రెండు చిమ్నీలు ఎక్కువ తెచ్చిపెట్టుకో.

కెమెరాకు ఆ మంట ఒక్కటే సాలదు. ఎఫ్ 1.8 లెన్స్, ఐఎస్ఓ 1600 నుంచి 3200, షటర్ 1/50. వైట్ బ్యాలెన్స్ ఆటోల వదిలితే పసుపంత గుంజేసి పాలిపోయినట్టు చేస్తది, 3200 కెల్విన్ దగ్గర కట్టెయ్. మంట ఉన్న దిక్కు నుంచే, ఫ్రేమ్ బయట, డిమ్మర్ పెట్టిన 40 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టు. చౌక ఎల్ఈడీని డిమ్ చేస్తే తెర మీద గీతలు కొడ్తది. అతను నడుస్తున్నకొద్దీ డిమ్మర్‌ను అడుగు అడుగుకు దించాలె, ఒక మనిషికి అదొక్కటే పని అప్పజెప్పు. ఆకాశం నీలం, మంట పసుపు రెండూ కలిసి దొరికేది పదిహేను ఇరవై నిమిషాలే. నాలుగింటికే రిహార్సల్ అయిపోవాలె.

అడగకున్నా ఇంకొకటి చెప్తున్న. ఆడబాపను మూలకు నిలబెట్టి మర్చిపోకు. పెండ్లినాడు కోడలి ఎంట అరణంగ, అంటే పుట్టింటి కానుకగ, గడీకి పంపిన మనిషి ఆమె. కోడలికి కోరిక ఉన్నదని చెప్పుకునే దారి లేదు, ఆడబాపకు దొరలను వద్దనే దారే లేదు. ఈ రెండో బాధ లేకుంటే మొదటిది ఉత్త సోకుగ కనబడ్తది. బి. నర్సింగరావు 1988ల తీసిన 'దాసి' ఆ బతుకు మీదనే నిలబడ్డది. కెమెరాకు, కళకు, దుస్తులకు కూడ జాతీయ అవార్డులు తెచ్చుకున్నది. కళ చూసిన వైకుంఠం మన కరీంనగర్ దిక్కు బూరుగుపల్లిల పుట్టిన చిత్రకారుడు. షూటింగ్‌కు ముందు ఆ సినిమా గోడలు, గుడ్డలు, గిన్నెలు చూసుకుంట ఒక పూట కూసో.

సెపియా రంగు పూస్తే పాతకాలం అయిపోదు. గుమాస్తా ముంగట సర్కారు కాయితం ఉర్దూల ఉండాలె, లెక్కల నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరం, నిజాం నాణెమైన హాలీ సిక్కా రూపాయలు ఉండాలె. కోడలి మనసును వాయులీనంతోని చెప్పించకు. షూటింగ్ చేసే అర్రల ఫ్యాను, ఫ్రిజ్ అన్ని బందుపెట్టి ఒక నిమిషం ఉత్త నిశ్శబ్దం రికార్డు చేసుకో. అదే మీ సంగీతం.

ఇగ డైలాగులు. ఇద్దరి మధ్య మాటలు నూనె, లెక్క, వాన, వీటిని దాటొద్దు. "నూనె ఉన్నదా?" అని ఆమె. "తెల్లారేదాంక సాల్తది, దొరసాని" అని అతను. అవి కూడ కడపకు అటొకరు ఇటొకరు నిలబడి, ఒకరి మొహం ఒకరు చూడకుండ అనాలె.