పాత డీవీడీ ప్లేయర్, కొత్త టీవీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఇటీవల ఎల్‌ఈడీ టీవీ కొన్నాము. మా పాత డీవీడీ ప్లేయర్‌ను దానికి కలిపితే బొమ్మ నలుపు తెలుపులో వస్తోంది. మనుషులు అడ్డంగా సాగినట్లు కనిపిస్తున్నారు. ప్లేయర్ పాడైపోయినట్లేనా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ధ్వని సరిగానే వస్తూ రంగు మాత్రమే పోయిందంటే, ప్లేయర్‌ను అనుమానించే ముందు టీవీ వెనుక వైరు ఎక్కడ పెట్టారో చూడండి. ప్లేయర్ నుంచి వచ్చే మూడు వైర్లలో పసుపుది బొమ్మకు, ఎరుపు, తెలుపు ధ్వనికి. కొత్త టీవీలు చాలావాటికి విడిగా పసుపు సాకెట్టు ఉండదు. కాంపొనెంట్ (బొమ్మను మూడు వైర్లుగా విడదీసి పంపే పద్ధతి) కోసం ఇచ్చిన ఆకుపచ్చ సాకెట్టునే ఏవీకి (బొమ్మ మొత్తం పసుపు వైరు ఒక్కదానిలోనే వచ్చే పద్ధతికి) కూడా వాడుకోవాలి. పసుపు పిన్ను అందులో పెట్టి, రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి, ‘కాంపొనెంట్’ కాకుండా ‘ఏవీ’ ఎంచుకోండి. కాంపొనెంట్‌లో ఉన్నప్పుడు టీవీ ఆ వైరు నుంచి వెలుగునీడలను మాత్రమే తీసుకుంటుంది, రంగును వదిలేస్తుంది. ఎరుపు సాకెట్లు అక్కడ రెండుంటాయి కనుక, ధ్వనికి సంబంధించిన ఎరుపు తెల్లదాని పక్కన ఉన్నదేనని గుర్తుంచుకోండి. మీ టీవీకి ఒకే చిన్న గుండ్రటి ఏవీ రంధ్రం ఉంటే, టీవీతో పాటు ఇచ్చిన వైరునే వాడడం మంచిది. చూడడానికి ఒకేలా ఉన్నా, బయట దొరికే వైర్లలో కొన్నింటి లోపలి కనెక్షన్ల వరుస వేరుగా ఉంటుంది.

బొమ్మ సాగడానికి కారణం ప్లేయర్ ఇంకా పాత డబ్బా టీవీ కొలతలోనే ఉండడం. డిస్కును పూర్తిగా ఆపి (ఆడుతుండగా కొన్ని ప్లేయర్లలో ఈ మార్పు కుదరదు) సెటప్‌లోకి వెళ్లి, టీవీ డిస్‌ప్లేను 4:3 నుంచి 16:9కు మార్చండి. పాత కొలతలోనే తీసిన వీడియోలు అప్పటికీ సాగితే, వాటి వరకు టీవీలో పిక్చర్ సైజును 4:3 చేసుకోవాలి.

ప్రశ్న: 2008లో జరిగిన మా అమ్మాయి పెళ్లి డీవీడీ తలంబ్రాల దగ్గరకు రాగానే గళ్లుగళ్లుగా చెదిరి ఆగిపోతోంది. సినిమా డిస్కులు బాగానే ఆడుతున్నాయి. టూత్‌పేస్టుతో రుద్దమని కొందరు చెబుతున్నారు. లెన్స్ క్లీనర్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దయచేసి టూత్‌పేస్టు జోలికి వెళ్లకండి. దానిలోని గరుకు పొడి డిస్కు మీద కొత్త గీతలు పెడుతుంది, పెళ్లి డిస్కు మరొకటి దొరకదు.

సినిమా డిస్కులో సమాచారం అచ్చులో నొక్కినది. ఫొటోగ్రాఫర్ రాసి ఇచ్చిన డిస్కులో అది ఒక రంగుపొరను లేజరుతో కాల్చి రాసినది. ఆ పొర ఎండకు, వేడికి, కాలానికి క్షీణిస్తుంది, పైగా వెలుగును తక్కువగా తిప్పికొడుతుంది. అందువల్ల ప్లేయర్‌లోని లేజరు బలం తగ్గినప్పుడు కూడా సినిమాలు ఆడుతూ పెళ్లి డిస్కు ఆగిపోవచ్చు. తప్పు ఎవరిదో తేలాలంటే, డీవీడీ డ్రైవు ఉన్న కంప్యూటర్‌లో గాని, తెలిసినవారి ప్లేయర్‌లో గాని వేసి చూడండి. అక్కడా తలంబ్రాల దగ్గరే ఆగితే లోపం డిస్కుదే. లెన్స్ క్లీనర్‌తో పని లేదు.

ఇటువంటి డిస్కు లోపలి నుంచి అంచు వైపుకు చదవబడుతుంది. పెళ్లికూతుర్ని చేసిన దృశ్యాలు నడిమి రంధ్రం దగ్గర ఉంటే, తలంబ్రాలు చాలావరకు అంచు వైపు, అంటే మన వేళ్లు తగిలే చోట ఉంటాయి. కనుక ముందు డిస్కును శుభ్రం చేయండి. మెత్తటి నూలు గుడ్డను తడిపి, గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేసి, నడుమ నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడవకూడదు. అడ్డంగా పడిన చిన్న గీతను ప్లేయర్ సర్దుకోగలదు గాని, సమాచారపు వరుస వెంబడే పడిన గీత ఒకేచోట చాలా భాగాన్ని చెరిపేస్తుంది. తరువాత మంచినీటితో కడిగి నీడలోనే ఆరబెట్టండి. వధూవరుల ఫొటో స్టిక్కరు అంటించి ఉంటే పీకే ప్రయత్నం చేయకండి.

ఒక్కసారి చివరిదాకా ఆడగానే, ఆ రోజే కంప్యూటర్‌లో డిస్కు తెరిచి ‘వీడియో టీఎస్’ అనే ఫోల్డరును మొత్తంగా హార్డ్ డిస్కులోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించండి. ఒక పొర ఉన్న డిస్కులో పట్టేది 4.7 జీబీ మాత్రమే కనుక 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. నా దృష్టిలో ప్లేయర్ బాగుచేయించడం కన్నా ఇదే ముందు చేయవలసిన పని.

అన్ని డిస్కులూ ఆగుతున్నట్లయితే మాత్రం చిన్న కుచ్చులుండే లెన్స్ క్లీనింగ్ డిస్కును వాడి చూడవచ్చు. దానితోనూ కుదరకపోతే మెకానిక్‌కు ఇవ్వండి. ప్లగ్ తీసిన తరువాత కూడా లోపలి పవర్ సప్లై కెపాసిటర్‌లో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది కనుక మూత మీరు విప్పవద్దు.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అబ్బాయికి పంపిన గృహప్రవేశం డీవీడీ అక్కడి ప్లేయర్‌లో ఆడడం లేదు. రీజియన్ తేడా అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రీజియన్ సంఖ్య, అంటే మనకు 5, అమెరికాకు 1 అన్న విభజన, సంస్థలు అమ్మే సినిమా డిస్కులకు వర్తిస్తుంది, ఇక్కడి ఫొటోగ్రాఫర్లు రాసే డిస్కుల మీద సాధారణంగా ఆ నిషేధం ఉండదు. తేడా టీవీ బొమ్మను రూపొందించే పద్ధతులది: మనది పాల్ (PAL), అమెరికాది ఎన్‌టీఎస్‌సీ (NTSC). మన డిస్కులో సెకనుకు 25 ఫ్రేములు, 576 గీతలు. అమెరికాలో దాదాపు 30 ఫ్రేములు, 480 గీతలు. అక్కడి ప్లేయర్లు చాలావరకు మన పద్ధతిని గుర్తించవు. కంప్యూటర్‌కు ఈ పట్టింపు లేదు కనుక, డీవీడీ డ్రైవు తగిలించి వీఎల్‌సీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూడమనండి. డ్రైవు లేకపోతే, పైన చెప్పిన ఫోల్డరును మీరే ఇక్కడ కాపీ చేయించి ఇంటర్నెట్‌లో పంపవచ్చు.