లాభం కాగితం మీద, డబ్బు కస్టమర్ దగ్గర

ప్రశ్న: నా దగ్గరున్న ఒక చిన్న కంపెనీ అమ్మకాలు ఏడాదిలో 100 కోట్ల నుంచి 120 కోట్లకు పెరిగాయి, లాభం 6 కోట్లు. కానీ కస్టమర్ల నుంచి రావలసిన బాకీలు (బ్యాలెన్స్ షీట్‌లో ట్రేడ్ రిసీవబుల్స్) 15 కోట్ల నుంచి 30 కోట్లయ్యాయి, వ్యాపారం నుంచి వచ్చే క్యాష్ ఫ్లో మైనస్‌లోకి పోయింది. వ్యాపారం పెరిగితే బాకీలూ పెరుగుతాయి, టెన్షన్ పడకు అంటున్నాడు నా ఫ్రెండ్. నిజమేనా?

జవాబు: సగం నిజం. అరువు మీద అమ్మే కంపెనీకి అమ్మకాలతో పాటు బాకీలూ పెరుగుతాయి, సరే. అమ్మకాలు 20 శాతం పెరిగితే బాకీలు రెట్టింపెందుకయ్యాయో మాత్రం ఆయన చెప్పలేదు కదా. ముందు దాన్ని రోజుల్లోకి మార్చండి: బాకీని ఏడాది అమ్మకాలతో భాగించి 365తో గుణిస్తే సరుకు అమ్మాక డబ్బు రావడానికి సగటున ఎన్ని రోజులు పడుతోందో తెలుస్తుంది. మీ కంపెనీకి పోయినేడాది 55 రోజులు, ఇప్పుడు 91. (బాకీలో పన్ను కలిసి ఉంటుంది, అమ్మకాల్లో ఉండదు, కాబట్టి రోజులు కాస్త ఎక్కువే కనిపిస్తాయి. ఏడాదికీ ఏడాదికీ పోల్చుకోవడానికి ఇబ్బందేం లేదు.)

ఈ అంకె చూడగానే షేర్లు అమ్మేసేవాళ్లున్నారు. నేనైతే అంత తొందరపడను, ఎందుకంటే బాకీల అంకె ఏడాది చివరి రోజుది, అమ్మకాలేమో పన్నెండు నెలలవి. ఆ 120 కోట్లలో చివరి మూడు నెలల్లోనే 48 కోట్లు అమ్మారనుకోండి, 30ని 48తో భాగించి 90తో గుణిస్తే 56 రోజులే వస్తుంది, అంటే వసూళ్లు ఏమీ మందగించలేదు. అప్పుడు ప్రశ్న వేరే చోటికి మారుతుంది: చివరి క్వార్టర్లోనే అంత సరుకు ఎలా అమ్ముడుపోయింది? ఏటా అదే సీజన్ అయితే పోయినేడాది అదే క్వార్టర్లో కూడా అలాగే ఉంటుంది, చూసుకోండి. లేకపోతే ఏడాది లెక్క అందంగా కనిపించడానికి, గడువు పెంచి, డిస్కౌంట్లిచ్చి డీలర్ల మీద సరుకు రుద్దారేమోనని అనుమానించాల్సిందే. అమెరికాలో సన్‌బీమ్ అనే గృహోపకరణాల కంపెనీ 1997లో చేసింది ఇదే. వేసవిలో అమ్ముడుపోవాల్సిన గ్రిల్స్‌ని చలికాలంలోనే దుకాణాలకు అమ్మినట్టు రాసుకుంది, వాటిలో చాలా సరుకు గోడౌన్లు దాటి కదల్లేదు. ఆ తర్వాత లెక్కలు తిరగరాయాల్సి వచ్చింది, 2001లో దివాలా పిటిషన్ కూడా పెట్టింది. ఇలా రుద్దిన సరుకు దాగదు, మరుసటి క్వార్టర్లో అమ్మకాలు పడిపోయి, వాపసులు పెరిగి బయటపడుతుంది.

ఇక వార్షిక నివేదికలో నోట్స్ తిరగేయండి, అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. మొండి బాకీల కింద ఎంత ప్రొవిజన్ (వసూలు కాకపోవచ్చని ముందే ఖర్చు రాసుకునే మొత్తం) పెట్టారు? పోయినేడాది 15 కోట్లకు 75 లక్షలు పెట్టి, ఇప్పుడు 30 కోట్లకూ అదే 75 లక్షలతో సరిపెట్టారంటే 5 శాతం కాస్తా రెండున్నర అయింది. పాత లెక్కే పాటిస్తే ఇంకో 75 లక్షలు ఖర్చు రాయాలి, పన్ను సంగతి పక్కన పెడితే 6 కోట్ల లాభంలో ఎనిమిదో వంతు అక్కడికక్కడే ఎగిరిపోతుంది. బాకీల వయసు, అంటే ఏ బాకీ ఎన్నాళ్లుగా రాలేదో చూపే పట్టిక, ఇచ్చి ఉంటే అదీ చూడండి, ముఖ్యంగా ఏడాది దాటినవి. నిరుడు ఆరు నెలల లోపు గడిలో ఉన్న డబ్బు ఈ ఏడాది ‘ఏడాది దాటినవి’ గడిలోకి జారిందంటే అది వసూలు కాలేదనే. బాకీదారుల్లో ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) సొంత కంపెనీలు ఉంటే మాత్రం నాకు నమ్మకం పోతుంది, మిగతా లెక్కలు చూడటమే మానేస్తాను.

చిన్న కంపెనీలకు ఇంకో తలనొప్పి ఉంది. సగం అమ్మకాలు ఒకే పెద్ద కస్టమర్‌కి పోతుంటే వాడు 60 రోజుల్ని 120 చేసినా వీళ్లు గట్టిగా అడగలేరు, అడిగితే ఆర్డర్ పోతుంది. ఇక్కడ మోసమేమీ లేదు, కానీ కస్టమర్ వ్యాపారానికి మీ కంపెనీ బ్యాంకులో అప్పు తెచ్చి వడ్డీ కడుతోందన్నమాట. వడ్డీ ఖర్చు కూడా పెరిగిందేమో పక్కనే చూసుకోండి.

ప్రశ్న: నేను కొన్న కంపెనీలో బాకీలు తగ్గి క్యాష్ ఫ్లో ఒక్కసారిగా బాగుపడింది. సంతోషించొచ్చా?

జవాబు: కస్టమర్లు కట్టారా, లేక ఆ బాకీల్ని కంపెనీ ఫైనాన్స్ సంస్థకు అమ్మి డబ్బు తెచ్చుకుందా అన్నది తేలాక సంతోషించండి. నోట్స్‌లో ఫ్యాక్టరింగ్, బిల్ డిస్కౌంటింగ్ అనే మాటల కోసం వెతకండి. కస్టమర్ ఎగ్గొడితే మళ్లీ కంపెనీయే కట్టాలనే షరతు ఉంటే రిస్క్ ఎక్కడికీ పోలేదు. బిల్లు వేయకుండానే ఆదాయంగా రాసుకున్న మొత్తం వేరే పేరుతో పక్క లైన్లో ఉండొచ్చు, దాన్నీ బాకీతో కలిపి లెక్కేయండి.

ప్రశ్న: ఇవన్నీ అడిగితే కంపెనీవాళ్లు చెబుతారా?

జవాబు: వాటాదారుల సమావేశంలోనో ఇన్వెస్టర్ కాల్‌లోనో ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఏడాది చివరి రోజున ఉన్న 30 కోట్లలో ఇవాళ్టికి ఎంత వసూలైంది? 26 కోట్లు వచ్చేశాయని అంకె చెబితే రాసిపెట్టుకుని, తర్వాతి క్యాష్ ఫ్లోతో సరిపోల్చండి. మా కస్టమర్లంతా మంచి పేరున్నవాళ్లే అని మాట దాటేస్తే కొత్తగా షేర్లు కొనడం ఆపి ఇంకో రెండు క్వార్టర్లు ఆగండి.