ప్యాకెట్ ఆహారమంతా మానాలా?

ప్రశ్న: మా పిల్లలు ఉదయం పాలలో చాక్లెట్ కార్న్‌ఫ్లేక్స్, బడి నుంచి రాగానే క్రీమ్ బిస్కట్లు లేదా ఇన్‌స్టంట్ నూడుల్స్ తింటారు. అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం ప్రమాదకరమని చదివాను. అలాగైతే ప్యాకెట్ పాలు, ఇంట్లో చేసిన జంతికలు, ఆవకాయ కూడా మానేయాలా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: అవసరం లేదు. పాలను వేడిచేసి చల్లార్చి సంచిలో నింపడమూ ఒక ప్రక్రియే గాని, దానివల్ల పాల స్వభావం మారిపోదు. బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయంలో కార్లోస్ మోంటేరో బృందం రూపొందించిన 'నోవా' వర్గీకరణ ఆహారాన్ని నాలుగు తరగతులు చేసింది. పంటల నుంచి వేరుచేసిన పిండిపదార్థాలను, కొవ్వులను మళ్లీ కలిపి, ఏ వంటింట్లోనూ కనిపించని మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే పొడి), ఎమల్సిఫయర్లు (నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచేవి), కృత్రిమ రంగులు, రుచుల వంటివి చేర్చి కర్మాగారాల్లో తయారుచేసేవి నాలుగో తరగతి అయిన అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారంలోకి వస్తాయి. మీ పిల్లలు తింటున్న మూడూ సాధారణంగా ఈ కోవలోవే. ఇంటి జంతికలు, ఆవకాయ ఇందులో చేరవు. అయినా వాటిలోని నూనె, ఉప్పు దృష్ట్యా మితం తప్పదు. పెద్దలకే రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ప్రమాదం విషయానికి వస్తే, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం జరిపి 2019లో ప్రచురించిన ప్రయోగం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. 20 మందిని అక్కడే ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ భోజనం, మరో రెండు వారాలు మామూలు పదార్థాలతో వండిన భోజనం పెట్టారు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, సోడియం రెండింటిలోనూ సమానంగానే ఉన్నా, కావలసినంత తినవచ్చన్నప్పుడు మొదటి భోజనంలో వారు రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా, అదీ మరింత వేగంగా తిన్నారు, సగటున 0.9 కిలో బరువు పెరిగారు. రెండో భోజనంతో దాదాపు అంతే తగ్గారు. అంటే మీ పిల్లలు బిస్కట్ల దగ్గర ఆగలేకపోవడాన్ని వారి తిండిపోతుతనంగా చూడడం న్యాయం కాదు. ఇక ఫ్రాన్స్‌లో లక్షకు పైగా పెద్దలను కొన్నేళ్లపాటు గమనించినప్పుడు, ఇలాంటి ఆహారం వాటా ఎక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. ఈ తరహా పరిశీలన కారణాన్ని పూర్తిగా నిరూపించదు గాని, జాగ్రత్తపడడానికి అది చాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో వీటిని బాగా తగ్గించమనే చెప్పింది.

ప్యాకెట్ ముందువైపు రాసిన 'మల్టీగ్రెయిన్' వంటి మాటలను పక్కనపెట్టి, వెనుక ఉన్న పదార్థాల జాబితా చదవండి. బరువులో ఎక్కువున్నది అందులో ముందు వస్తుంది. మైదా, చక్కెర, పామాయిల్ మొదట్లోనే కనిపిస్తే ఆ ప్యాకెట్ సంగతి తెలిసినట్టే. అన్నీ ఒక్కరోజే మాన్పించాలని చూడకండి. ముందు సాయంత్రం తిండిని మార్చండి: బొబ్బర్ల గుడాలు, ఉడికించిన పల్లీలు, అరటిపండు, ఉల్లిపాయ వేసిన అటుకులు సరిపోతాయి. బడి నుంచి ఆకలితో వచ్చే పిల్లలకు అవి ఎదురుగా సిద్ధంగా ఉండాలి; బిస్కట్లు ఇంట్లో నిల్వ ఉండకూడదు.